పక్కన సింహం ఉంటే జెరోమ్

ఇంటికొచ్చి వారమైంది. రాత్రి రెండైనా నిద్ర పట్టడం లేదు. ఒళ్లు ఇంకా అక్కడి టైములోనే ఉంది. మంచం మీద దొర్లే కంటే రాసుకోవడం నయమని నోటుపుస్తకం తీశాను.

ముప్ఫై నాలుగేళ్లు గుంటూరు జిల్లా హైస్కూళ్లలో డ్రాయింగు మేష్టారుగా చేశాను. ఐదువందల ఏళ్ల కిందటి జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అంటే పిల్లలకి ఆ కుందేలూ, ఆ జోడించిన చేతులూ చూపించేవాణ్ణి. బతికుండగా ఆయన పేరు దేశదేశాలకు పాకింది మాత్రం అచ్చుబొమ్మల వల్ల. చెక్క మీద కొన్ని, రాగిరేకు మీద కొన్ని చెక్కి, సిరా పూసి కాగితం మీద దింపినవి. ఆ సంగతి రిటైరయ్యాక గానీ నాకు సరిగ్గా తెలియలేదు. అమ్మాయి జర్మనీలో ఫ్రైబుర్గ్‌లో ఉంటోంది. "వచ్చాక ఇంట్లో కూర్చోవు కదా నాన్నా, ఎక్కడెక్కడికి వెళ్తావో ముందే రాసివ్వు" అంది. నాలుగు ఊళ్లు రాసిచ్చాను.

బయల్దేరే ముందు ఏసీ కాలేజీ నాటి స్నేహితుడు ఒక పని అప్పజెప్పాడు. వాళ్లది పాత లూథరన్ కుటుంబం, అంటే మార్టిన్ లూథర్ చూపిన దారిలో నడిచే ప్రొటెస్టెంట్లు. హయ్యర్ దొర 1842లో గుంటూరులో మొదలుపెట్టిన మిషనులో వాళ్ల ముత్తాత చేరాడట. "లూథర్ బొమ్మ మంచిది దొరికితే పట్రారా. మా ఇంట్లో ఉన్నదాంట్లో లావుగా, ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటాడు" అన్నాడు.

మే 15, బ్రైజాఖ్

రైన్ నది ఒడ్డున కొండ, కొండ మీద సెయింట్ స్టీఫెన్ గుడి. రాగి చెక్కుడులో డ్యూరర్‌కి ముందు తరం పెద్ద చెయ్యి మార్టిన్ షోన్‌గావర్ 1491లో ఈ ఊళ్లోనే పోయాడు. గుడి పడమటి వైపు మూడు గోడల మీద తుది తీర్పు దృశ్యం వేశాడు. ఇప్పుడది బాగా వెలిసిపోయింది. రంగు పోయి గీత మిగిలింది. ఆయన విషయంలో అలా జరగడం బాగానే ఉందనిపించింది. తండ్రి కోల్మార్‌లో కంసాలి. బంగారం మీద నగిషీ చెక్కే ఇంట్లో పెరిగినవాడికి గీతే ఆస్తి.

మధ్యాహ్నం కొండ కింద భోజనం. మే నెలలో ఆ ప్రాంతమంతా తెల్ల ఆస్పరాగస్ పిచ్చి పట్టి ఉంటుంది. బంగాళాదుంపలు, వెన్నతో చేసిన పసుపుపచ్చ సాసు, బొటనవేలంత లావు తెల్ల కాడలు. ప్లేటు 19 యూరోలు. నేను మునక్కాడ నమిలినట్టు నమిలి పిప్పి పక్కన పెట్టబోయాను. "నాన్నా, మొత్తం తినెయ్యాలి" అని అమ్మాయి నవ్వింది. పక్క బల్ల మీద ముసలాయన చూడనట్టే చూశాడు. ఈ పంట జూన్ 24తో ఆపేస్తారట. ఆ రోజు సెయింట్ జాన్ పండగ. మనకి కార్తెలు ఎలాగో వీళ్లకి పునీతుల రోజులు అలాగ. గుడికి వెళ్లేవాళ్లు తగ్గినా పొలం లెక్క మాత్రం ఇంకా ఆ పేర్లతోనే నడుస్తోంది.

మే 16, కోల్మార్

ఈ రోజు ఒక్కణ్ణే. బ్రైజాఖ్ నుంచి బస్సు నది దాటితే ఫ్రాన్స్. "ఏదైనా అడిగే ముందు బొంజూర్ చెప్పు. చెప్పకపోతే వాళ్లకి నువ్వు మనిషివే కాదు" అని అమ్మాయి హెచ్చరించింది. అయినా మొదటి కాఫీ దగ్గరే మర్చిపోయాను. కౌంటర్లో అమ్మాయి నా డబ్బు వైపు చూడలేదు. నా మొహంలోకి చూస్తూ "బొంజూర్" అంది, పిల్లాడికి పాఠం చెప్పినట్టు. నేనూ అప్పజెప్పాను. అప్పుడు కాఫీ వచ్చింది.

ఉంటర్‌లిండెన్ మ్యూజియం ఒకప్పటి సన్యాసినుల మఠం. టికెట్టు 13 యూరోలు. జనమంతా ఈజెన్‌హైమ్ బలిపీఠం కోసమే వస్తారు. గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు 1512-1516 మధ్య వేసిన తలుపుల చిత్రం. అది సెయింట్ ఆంథొనీ పేరు పెట్టుకున్న సాధువుల ఆసుపత్రిలో ఉండేది. రై అనే గోధుమలాంటి ధాన్యానికి బూజు పడితే, ఆ పిండి తిన్నవాళ్లకి చేతులూ కాళ్లూ నిప్పు పెట్టినట్టు మండి కుళ్లిపోయేవి. ఆ జబ్బుకి 'సెయింట్ ఆంథొనీ మంట' అని పేరు. రోగుల్ని ముందు ఈ చిత్రం దగ్గరికి తీసుకెళ్లేవారట. సిలువ మీది క్రీస్తు ఒళ్లంతా పుళ్లు. ఆంథొనీని దయ్యాలు పీడించే పలకలో, ఎడమ మూల కింద, పొట్ట ఉబ్బి ఒళ్లంతా కురుపులతో ఒక ఆకారం పడి ఉంటుంది. అక్కడ చాలాసేపు నిలబడలేకపోయాను. మా పెద్దమ్మ చివరి రోజులు గుర్తొచ్చాయి.

నేను అసలు వచ్చింది అదే ఆంథొనీ కోసం, కాకపోతే చిన్నవాడు, నలుపు తెలుపువాడు. షోన్‌గావర్ 1470ల్లో చెక్కిన అచ్చు. అరఠావు కాగితం. ఆంథొనీ గాలిలో ఉన్నాడు. చుట్టూ దయ్యాలు, ఒకటి జుట్టు, ఒకటి చెయ్యి, ఒకటి అంగీ పట్టుకుని లాగుతున్నాయి. ఒకదానికి చేప పొలుసులు, ఇంకోదానికి ముళ్లు, మరోదానికి ఏనుగు తొండం లాంటి ముక్కు. ఆకాశం మాత్రం ఖాళీ. కాగితం కాగితంలాగే వదిలేశాడు. ముసలాయన మొహంలో కోపం లేదు, భయం లేదు. బస్సులో రద్దీకి అలవాటు పడ్డ మనిషి మొహం. కుర్రాడిగా ఉన్నప్పుడు మైకెలాంజెలో ఈ అచ్చు చూసి రంగుల్లో నకలు వేశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్పారు.

కింద అంచున ఎం, ఎస్ అక్షరాలు, మధ్యలో సిలువ లాంటి గుర్తు. ఆయన చెక్కినవాటిలో మనకి మిగిలిన 116 అచ్చుల మీదా ఇదే ముద్ర. కంసాలి నగ మీద వేసే గుర్తు కాగితం మీదికి వచ్చిందన్నమాట.

కొంచెం దూరంలో డొమినికన్ల గుడి. అక్కడ ఆయన వేసిన రంగుల చిత్రం, గులాబీ పొదలో మేరీ మాత, 1473. ఇది చెక్కడం కాదు గానీ ఆయన అక్షరమాల ఇందులో పెద్ద సైజులో కనిపిస్తుంది. ఎర్ర గులాబీల మధ్య తెల్ల గులాబీ, కింద స్ట్రాబెర్రీ మొక్క, కొమ్మల్లో రెక్క మీద పసుపు చార ఉన్న గోల్డ్‌ఫించ్ పిట్ట. ఆ పిట్ట ముళ్ల మొక్కల గింజలు తింటుంది కాబట్టి ముళ్ల కిరీటానికి గుర్తు. పసివాడి పక్కనే వాడి చావుని కూర్చోబెట్టారు. తల్లికి తెలిసినట్టే ఉంది. పిల్లాడి వైపు చూడదు. గుడిలో నాతోపాటు ఒక్క ముసలామె ఉంది. ఆమె చిత్రాన్ని చూడలేదు. దాని ముందు కూర్చుని సంచిలోంచి ఉత్తరాలు తీసి చదువుకుంది.

1492లో ఇరవయ్యొక్కేళ్ల డ్యూరర్ షోన్‌గావర్ దగ్గర పని నేర్చుకుందామని ఈ ఊరు వచ్చాడు. అప్పటికే ఆయన పోయి ఏడాది. షోన్‌గావర్ అన్నదమ్ములు ఆదరించి పంపారట. అంత దూరం వచ్చి ఖాళీ చేతులతో వెళ్లలేదు, ఆ అచ్చులు ఎలా చెక్కారో ఆ తర్వాత డ్యూరర్ పనిలోనే కనిపిస్తుంది.

సాయంత్రం తినింది అప్పడమంత పల్చటి రొట్టె, మీద మీగడ, ఉల్లిపాయ. కట్టెల పొయ్యిలో అంచులు మాడేదాకా కాలుస్తారు. 12 యూరోలు. దానికి పచ్చిమిర్చి ఒక్కటి తగిలితే ఎక్కడికో వెళ్లేది.

తిరుగు బస్సులో తూగుతుంటే డ్రైవరు "బ్రిజాక్" అన్నాడు. గబుక్కున దిగాను. దిగింది నఫ్-బ్రిజాక్‌లో, అంటే కొత్త బ్రైజాఖ్. నదికి ఇవతలే. పద్నాలుగో లూయీ కోసం వోబాన్ అనే ఇంజినీరు కట్టిన ఎనిమిది మూలల కోట ఊరు. అన్ని వీధులూ ఒకేలా ఉన్నాయి, ఎటు వెళ్లినా గోడ తగులుతోంది. తర్వాతి బస్సుకి ఇంకా గంటుంబావు. రొట్టెల కొట్టావిడ, ఈసారి నేను ముందే బొంజూర్ చెప్పినందుకేమో, కుర్చీ తెచ్చి వేసింది. "ఇలా దిగేవాళ్లు చాలామందే" అన్నట్టు చేతులతో చెప్పింది.

మే 17, బాసెల్

ఒక మాట ముందే చెప్పాలి. పాత అచ్చుబొమ్మల్ని మ్యూజియం గోడల మీద ఎల్లకాలం వేలాడదీసి ఉంచరు. వెలుతురు కాగితాన్ని తినేస్తుంది. పెట్టెల్లో, చీకట్లో ఉంటాయి. చూడాలంటే ముందే రాసి అడగాలి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ కున్‌స్ట్‌మ్యూజియం అచ్చుల విభాగానికి అమ్మాయి నా తరఫున రాసింది. వాళ్లు రమ్మన్నారు. నేను ప్రొఫెసర్నీ కాదు, ఎవర్నీ కాదు. టెన్షన్‌తో ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

పెన్ను తీసుకుని పెన్సిలిచ్చారు. గ్లవ్స్ ఇస్తారనుకున్నా. శుభ్రంగా కడుక్కుని తుడుచుకున్న చేతులే మేలట. ఒకాయన పెట్టె తెచ్చి, అట్ట మూత తీసి, భూతద్దం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. డ్యూరర్ 'గదిలో సెయింట్ జెరోమ్', 1514. నా చేతికింద. కళ్లు చెమర్చాయంటే అతిగా ఉంటుంది గానీ, కళ్లజోడు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నాను.

పొడవు పాతిక సెంటీమీటర్లకి కాస్త తక్కువ. మన పోతన భాగవతం పాత ప్రతి పేజీ అంత. ముసలాయన దూరంగా బల్ల దగ్గర రాసుకుంటున్నాడు. కిటికీ అద్దాల గుండ్రటి నీడలు గోడ మీద పడ్డాయి. కిటికీ అరుగు మీద పుర్రె. గోడకి ఇసుక గడియారం, కార్డినల్ టోపీ. దూలానికి వేలాడుతూ పెద్ద ఎండిన గుమ్మడి లాంటి కాయ. బెంచీ కింద చెప్పులు. ముందు సింహం, దాని పక్కన నిద్రపోతున్న కుక్క. అంతా గీతలే. ఎండ కూడా గీతలే. ఎండ పడ్డచోట చెక్కకుండా వదిలేశాడంతే.

ఇందులో సగం చరిత్ర కాదు. జెరోమ్ 420లో పోయాడు. బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు. ఆయన కాలంలో ఆ ఎర్రటోపీ కార్డినల్సు లేరు. సింహం అసలు ఆయనది కూడా కాదు. కాల్లో ముల్లు తీయించుకున్న సింహం కథ గెరాసిమస్ అనే ఇంకో సాధువుది. లాటిన్‌లో పేర్లు దగ్గరగా ఉండటంతో ఈయన ఇంటికొచ్చి పడుకుంది. కానీ ఆ సింహం లేకపోతే ఈయన ఎవరో ఒక గడ్డం ముసలాయన. అప్పటి జనంలో చాలామందికి చదువు రాదు. తాళంచెవి ఉంటే పీటర్, కత్తి ఉంటే పాల్, విరిగిన చక్రం ఉంటే క్యాథరిన్, గోపురం ఉంటే బార్బరా. మొహం ఎలా ఉన్నా ఫర్వాలేదు. మా అమ్మ పూజగదిలో వెలిసిపోయిన పటాల్ని కూడా అలాగే పోల్చేది. "మొహం కనిపించకపోతేనేం, నెమలి ఉంది కదా" అనేది.

తర్వాత అడిగింది డ్యూరర్ చెక్కిన ఎరాస్మస్, 1526. దాదాపు అదే సైజు. ఈయనా రాసుకుంటున్న పండితుడే. పైగా జెరోమ్ రచనల్ని సరిదిద్ది ఇదే బాసెల్‌లో ఫ్రోబెన్ అచ్చుకొట్టులో 1516లో అచ్చు వేయించినవాడు. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టమని సైగతో అడిగాను. పెట్టాడాయన. ఇక్కడ సింహం లేదు. పుర్రె లేదు. ముందర పుస్తకాలు, కూజాలో పూలు. వెనక పెద్ద పలక మీద, బతికున్న మనిషిని చూసి వేసిన బొమ్మ అని లాటిన్‌లో, అసలైన రూపం ఇతని రచనల్లో దొరుకుతుంది అని గ్రీకులో. పన్నెండేళ్లలో ఎంత దూరం వచ్చారో చూడండి. గుర్తు పోయి మొహం వచ్చింది. వస్తూనే "నన్ను నమ్మకు, పుస్తకం చదువు" అంటోంది. పోలిక విషయంలో ఎరాస్మస్‌కే తృప్తి లేదు. డ్యూరర్ ఆయన్ని చూసి అప్పటికి ఐదేళ్లకు పైనే అయింది మరి.

నాకు మాత్రం జెరోమే నచ్చాడు. ఎరాస్మస్ బొమ్మలో పలక మరీ పెద్దది. మొహం చెప్పాల్సింది రాతకి అప్పజెప్పినట్టుంది.

బయటికొచ్చేసరికి రెండున్నర. బాసెల్‌లో ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. కాఫీ ఐదున్నర ఫ్రాంకులు. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర డబ్బా ఉంది కాబట్టి బతికాను. పెద్ద గుడి వెనక రైన్ మీదికి చూసే అరుగు మీద కూర్చుని తిన్నాను. నీళ్లకి ఖర్చు లేదు, వీధి ఫౌంటెన్లలో తాగే నీళ్లే. కింద ఇంజను లేని పడవ, తీగకి కట్టి ఉంటుంది, నది వేగమే దాన్ని అటూ ఇటూ తోస్తుంది. రెండు ఫ్రాంకులిచ్చి ఊరికే ఒకసారి దాటి వచ్చాను.

ఆ గుడిలోనే ఎరాస్మస్ సమాధి. 1529లో ఈ ఊళ్లో జనం గుళ్లలోని విగ్రహాలూ చిత్రాలూ పగలగొట్టి తగలబెట్టారు. ఎరాస్మస్ ఊరు వదిలి ఫ్రైబుర్గ్ వెళ్లిపోయాడు, మా అమ్మాయి ఊరే. చివర్లో తిరిగొచ్చి 1536లో ఇక్కడే పోతే, ప్రొటెస్టెంట్ గుడిలో కాథలిక్కుని పాతిపెట్టారు. ఎర్రరాతి ఫలకం మీద ఆయన మొహం లేదు. పైన టెర్మినస్ తల ఉంది, సరిహద్దుల దేవుడు, ఆయన సొంత గుర్తు. చివరికి ఆయనకీ ఒక గుర్తు కావాల్సొచ్చింది.

మే 21, న్యూరెంబర్గ్

డ్యూరర్ పుట్టినరోజు, 1471 మే 21. అల్లుడు సెలవు పెట్టి తోడొచ్చాడు. కోట గుమ్మం పక్కనే ఆయన ఇల్లు, కింద రాయి, పైన కర్ర దూలాల మధ్య గోడ. 1509లో కొన్నాడు. మన రాయలవారు పట్టానికొచ్చిన ఏడాది. టికెట్టు ఏడున్నర యూరోలు. అసలు అచ్చులు చూద్దామని వచ్చినవాళ్లు కాస్త నిరాశ పడతారు, ఎక్కువగా నకళ్లే. నేను బాసెల్ ముందు చూసి మంచి పని చేశాను.

పై అంతస్తులో మాత్రం ఒకావిడ అచ్చు తీసి చూపిస్తోంది. రాగిరేకు కాస్త వేడి చేసి సిరా అద్దింది. గుడ్డతో గుండ్రంగా తుడిచింది. చివర అరచేతి పక్కతో తుడిచింది. పైనున్నదంతా పోయి చెక్కిన గాడిలోనే సిరా మిగలాలి. తడి కాగితం, మీద ఉన్నిగుడ్డ, రెండు రోలర్ల మధ్య తోసి చక్రం తిప్పింది. మెల్లగా కాగితం ఎత్తగానే అందరం పిల్లల్లా 'ఆ' అన్నాం. బొమ్మ అద్దంలోలా తిరగబడి వచ్చింది. డ్యూరర్ తన ఏ అక్షరం కాళ్ల మధ్య డి పెట్టే ముద్రని రేకు మీద తిరగేసి చెక్కేవాడు, కాగితం మీద సరిగ్గా పడాలని.

అల్లుడు నెమ్మదిగా ఒక మాటన్నాడు. "మావయ్యగారూ, మనవాళ్లు వెయ్యేళ్లు రాగిరేకుల మీద శాసనాలు చెక్కారు కదా. ఒక్కరికీ సిరా పూయాలని తోచలేదా?" నా దగ్గర జవాబు లేదు. అన్నమయ్య 1503లో పోయాడు, షోన్‌గావర్‌కి సమకాలికుడు. ఆయన కీర్తనలూ రాగిరేకుల మీదే, తిరుమల గుడి అరలో భద్రంగా. అక్కడ రేకే దాచుకోవాల్సిన వస్తువు. ఇక్కడ రేకు పనిముట్టు, కాగితం సరుకు. డ్యూరర్ భార్య ఆగ్నెస్ ఆ కాగితాలు పట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్ సంతకి వెళ్లి అమ్మేది. డ్యూరర్ వాళ్లమ్మ కూడా ఊరి బజార్లో అమ్మేదట.

బయట చౌరస్తాలో కంచుతో చేసిన పెద్ద కుందేలు ఉంది, కళ్లు వెళ్లుకొచ్చి భయంకరంగా. దాని గురించి ఇంతకంటే రాయను. వేలెడంత సాసేజీలు మూడు రొట్టెలో పెట్టి ఆవాల ముద్ద రాసి ఇస్తారు, నాలుగున్నర యూరోలు. కార్డు తీసుకోరు. తింటూ ఖాళీ రోడ్డు దాటబోతే, ఎర్ర మనిషి వెలుగుతోందని ఒక పెద్దావిడ నా మోచెయ్యి పట్టి ఆపింది. పక్కనున్న పిల్లాణ్ణి చూపించి ఏదో అంది. పిల్లలు చూస్తుంటే దాటకూడదట.

ఈ ఊరు 1525లో లూథర్ వైపు మళ్లింది. అయినా బాసెల్‌లాగా పగలగొట్టలేదు. సెయింట్ లోరెన్స్ గుడిలో పైనుంచి వేలాడే ఫైట్ ష్టోస్ అనే శిల్పి చెక్కిన కొయ్యబొమ్మ, దేవదూత మేరీకి కబురు చెప్పే దృశ్యం, గుడ్డ కప్పి ఉంచారు గానీ తీసెయ్యలేదు. స్నేహితుడి బొమ్మ ఆ వీధిలోనే ఒక కొట్లో దొరికింది. లూకస్ క్రానాహ్ 1520లో రాగి మీద చెక్కిన లూథర్, మంచి కాగితం మీద నకలు, 14 యూరోలు. ఆయన అప్పటికి ఇంకా సన్యాసే. నడినెత్తి గొరిగి, బుగ్గలు పీక్కుపోయి, ఎముకలు తేలిన మొహం. కింద లాటిన్ రెండు పాదాలు. లూథర్ తన మనసు రూపాన్ని తానే చెక్కుకుంటాడు, అది నిలిచేది. లూకస్ చెక్కింది పోయే మొహాన్నే, అని భావం. బాసెల్‌లో ఎరాస్మస్ వెనక పలక చెప్పిన మాటే, ఆరేళ్ల ముందు.

సాయంత్రం సెయింట్ జాన్ శ్మశానం. దారి తప్పి ఆసుపత్రి వెనక గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాం. సమాధి రాళ్లన్నీ నేల మీద పడుకోబెట్టినట్టుంటాయి, ఒక్కోదాని మీద కంచు ఫలకం, చాలావాటి మీద ఆ మనిషి చేసిన వృత్తి గుర్తులు. 649వ నెంబరు రాయి డ్యూరర్‌ది. మొహం చెక్కలేదు. ఆ ముద్ర, తేదీ, స్నేహితుడు పిర్క్‌హైమర్ రాసిన లాటిన్ మాట: ఆల్బ్రెహ్ట్ డ్యూరర్‌లో పోయేది ఎంతుందో అంతా ఈ మట్టి కింద ఉంది. ఎవరో అప్పటికే గులాబీలు పెట్టారు. పక్క వరసలో ఒకావిడ రెండు నీళ్ల డబ్బాలు మోయలేక మోస్తుంటే అల్లుడు ఒకటి అందుకున్నాడు. ఆవిడ డ్యూరర్ మీది పూలకి కూడా కొంచెం పోసి వెళ్లింది.

తెనాలి

మొన్న స్నేహితుడు వచ్చాడు. గొట్టంలోంచి తీసి బల్ల మీద పరిచాను. మూలలు లేవకుండా రెండు మరచెంబులు పెట్టాం. చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఎవర్రా ఈయన?" అన్నాడు.

కింద వరసలో పేరు మీద వేలు పెట్టాను. అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఈసారి పైనుంచి మొదలుపెట్టాడు.